రెండు గంటలకోసారి

మా చర్చిలో ఆదివారం ప్రకటనలు చదివేటప్పుడు ఒక మాట తప్పకుండా వస్తుంది: "దైవసేవకుల కొరకు ప్రార్థించండి." సేవకులంటే పాస్టరు గారు, సువార్తికులు, మైకు పట్టుకుని వాక్యం చెప్పేవాళ్ళు. 36 ఏళ్ళు నర్సుగా చేసిన నన్ను ఎవరూ ఆ లెక్కలో వేసుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ వేసుకోలేదు. వాళ్ళది సేవ, నాది ఉద్యోగం. ఒకటో తారీకున జీతం అందగానే దశమభాగం కవరులో పెట్టి కానుకపెట్టెలో వేస్తే, నా ఉద్యోగానికీ దేవుడికీ లెక్క సరిపోయిందనుకునేదాన్ని.

ఆ లెక్క తప్పని నాకు తెలిసింది చర్చిలో కాదు, మగవాళ్ళ సర్జికల్ వార్డులో.

1983 డిసెంబరు. చదువుకున్న మిషన్ ఆసుపత్రిలోనే స్టాఫ్ నర్సుగా చేరి రెండో ఏడు నడుస్తోంది. వార్డులో ఒక గీత కార్మికుడు ఉండేవాడు. తాటిచెట్టు మీది నుంచి పడి నడుం విరిగింది. నడుం కింద స్పర్శ లేదు. అలాంటి మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. వెల్లకిల ఉన్నవాణ్ణి ఎడమకి, ఎడమ నుంచి కుడికి. మార్చకపోతే బరువంతా ఒకేచోట పడి అక్కడికి రక్తం ఆడదు, చర్మం చచ్చిపోయి పుండు పడుతుంది. మనకైతే కాసేపు ఒకే పక్క పడుకుంటే నొప్పి పుడుతుంది, నిద్రలోనే దొర్లుతాం. అతనికి ఆ నొప్పి తెలియదు కాబట్టి అతని బదులు మేం తెలుసుకోవాలి. ఎన్నింటికి ఏ పక్కకు తిప్పామో మంచం కాళ్ళ దగ్గర వేలాడే చార్టులో రాయాలి.

ఆ రోజు నాకు నైట్ డ్యూటీ. పగలు పడుకోవాల్సింది పోయి పొద్దున్నుంచి మూడింటిదాకా స్త్రీల సమాజంలో ఉపవాస ప్రార్థనకు కూర్చున్నాను. సాయంత్రం క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. మనసు గాలిలో తేలుతోంది. ఆ సంతోషంతోనే డ్యూటీకి వెళ్ళాను. పన్నెండింటికి తిప్పాను. తర్వాత బల్ల మీద తల వాల్చింది గుర్తుంది. లేచేసరికి నాలుగు దాటింది. గుండె ఝల్లుమంది. అతను గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. చార్టు తీసి రెండు గంటల గడిలో "ఎడమ", నాలుగు గంటల గడిలో "కుడి" అని రాసేశాను. తిప్పకుండానే.

పొద్దున మేట్రన్ అమ్మగారు రౌండుకొచ్చి చార్టు వైపు చూడలేదు. దుప్పటి తీసి అతన్ని పక్కకి తిప్పారు. నడుం కింద అరచేతి వెడల్పున ఎర్రబారి ఉంది. దాని మీద వేలు పెట్టి నొక్కారు. మామూలు ఎరుపైతే నొక్కినచోట తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. అది తెల్లబడలేదు.

"రాత్రి ఎక్కడున్నావమ్మా?"

"డ్యూటీలోనే ఉన్నానమ్మగారూ."

"నిన్న పగలు?"

"ఉపవాస ప్రార్థనలో."

ఆవిడ దుప్పటి సర్దుతూ ఇంకెవరికీ వినపడనంత నెమ్మదిగా, "నువ్వున్న ఉపవాసం ఆయన వీపు మీద పడింది" అన్నారు. అంతే. మెమో ఇవ్వలేదు, నలుగురిలో నిలబెట్టలేదు. మంచం కింద చాప మీద పడుకున్న అతని భార్యకు నేను రాలేదని తెలుసు. ఆమె కూడా నోరు విప్పలేదు. నాకు టీ కావాలా అని మాత్రం అడిగింది. ఆ టీ తాగలేకపోయాను. ఎరుపు తగ్గడానికి పదిరోజులు పట్టింది. పుండు పడలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు.

క్రైస్తవుడు పనిని ఎలా చూడాలి అని ఎవరైనా అడిగితే నేను వాక్యాలు వెతకను. ముందు ఆ చార్టు గుర్తుకొస్తుంది. రాసింది మనుషుల కోసం. తిప్పాల్సింది అతని కోసం.

మన చర్చిల్లో "పరిచర్య" అనే మాటను చాలా పైకెక్కించేశాం. పాస్టరు గారిది వాక్య పరిచర్య, పాటలు పాడేవాళ్ళది సంగీత పరిచర్య, ఆఖరికి టీవీలో కనబడితే మీడియా పరిచర్య. అసలు తెలుగులో ఆ మాటకు అర్థం ఏమిటి? రోగికి పరిచర్య, అతిథికి పరిచర్య, గురువుకి పరిచర్య. ఒంటికి చేసే పని అది. కాళ్ళకు నీళ్ళివ్వడం, విసరడం, పక్క వెయ్యడం. కొత్త నిబంధన రాసిన గ్రీకు భాషలోనూ ఆ చోట వాడిన 'డియకోనియా' అన్నం బల్ల దగ్గర వడ్డించేవాడి పనికి వాడే మాట. అపొస్తలుల కార్యాల్లో మొదటి సంఘంలో వచ్చిన తగాదా వేదాంతం గురించి కాదు, విధవరాళ్ళకు రోజూ పెట్టే తిండి పంపకం గురించి. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు సరిగా అందడం లేదని గొడవ. దాన్ని చూసుకోవడానికి ఏడుగురిని ఏరి, వాళ్ళ మీద చేతులుంచి ప్రార్థించి మరీ నియమించారు. వడ్డనకు మనుషుల్ని పెట్టడానికి అంత ప్రార్థన! మనమైతే వంటవాళ్ళ కమిటీ అని నోటీసు బోర్డులో రాసి ఊరుకుంటాం.

చివరి రాత్రి యేసు తువాలు నడుముకు చుట్టుకుని శిష్యుల పాదాలు కడిగిన సంగతి క్రైస్తవులు కానివాళ్ళకూ తెలుసు. అంతగా తెలియని ఇంకో సంగతి ఉంది. ఆయన బోధించడం మొదలుపెట్టేసరికి వయసు సుమారు ముప్పై అని లూకా రాశాడు. అంతకుముందు ఊళ్ళో వాళ్ళకు ఆయన వడ్రంగి. ఆ ఏళ్ళన్నీ వృథా పోయాయని ఏ పాస్టరూ చెప్పడు. వాటి గురించి ప్రసంగం మాత్రం నేనింతవరకు వినలేదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతుల ఇంట్లో ఉండి వాళ్ళతోపాటు డేరాలు కుట్టాడు. అది కడుపు కోసం చేసిందనీ, అసలు పని వేరనీ కొట్టిపారేస్తాం. డేరా కుట్టు వంకరగా ఉంటే ఆ బజారులో అతని బోధ ఎవరు వింటారు?

ఇక్కడ ఒక చిక్కుంది. దాన్ని దాటేసి ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు.

"నీకు పడిన పని నువ్వు భక్తిగా చేసుకో" అనే మాట మా తాతలకు కొత్తగా చెప్పక్కర్లేదు. కులం తరతరాలుగా చెప్పింది అదే. తోలు పని చేసేవాడు తోలు పనే, వెట్టి చేసేవాడు వెట్టే, అదే నీ ధర్మం అని. మనుషులను కాక ప్రభువును చూసి మనసారా పనిచెయ్యమని పౌలు కొలస్సీ వాళ్ళకు రాసిన మాట కూడా బానిసల్ని ఉద్దేశించి అన్నదే. అలాంటి మాట యజమాని నోట్లో పడితే ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. మరి తేడా ఎక్కడుంది?

నాకు తేడా చూపించినవి మా అమ్మమ్మ చెప్పిన పాత సంగతులు. మాది ఒంగోలు వైపు. 1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు చేరాడు. ఆ ప్రాంతంలో ఆయన దగ్గరకు వచ్చిన తొలి మాదిగ విశ్వాసుల్లో యర్రగుంట్ల పేరయ్య ఒకడు. తోళ్ళ వ్యాపారి, ఊరూరూ తిరిగిన మనిషి. కొత్తగా నమ్మినవాళ్ళు పాటించాల్సినవి మూడు: విగ్రహాలకు మొక్కవద్దు, చచ్చిన పశువుల మాంసం తినవద్దు, ఆదివారం పని చెయ్యవద్దు. మొదటి రెండూ మతానికి సంబంధించినవి అని తేలిగ్గా అర్థమవుతుంది. ఊళ్ళో పెద్దలకు మంట పుట్టించింది మూడోది. వెట్టివాడు వారంలో ఒకరోజు రానంటాడా? వాడికి సెలవు ఉంటుందని ఎవరు చెప్పారు? దెబ్బలు పడ్డాయి, వెలివేతలు జరిగాయి. అయినా ఆదివారం పనికి రాలేదు. ఈ ఒంటికి యజమాని నువ్వు కాదు అని, ఎదురు మాట అనకుండానే, ఇంట్లో కూర్చుని చెప్పారు వాళ్ళు. అందుకే క్రైస్తవుడి పని గురించి మాట్లాడేవాళ్ళు విశ్రాంతి గురించి మాట్లాడకపోతే నాకు అనుమానం వేస్తుంది. సోమవారం పనికి అర్థం రావాలంటే ఆదివారం ఆపగలగాలి.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా. పెదగంజాం నుంచి చెన్నై దాటి పోయే బకింగ్‌హామ్ కాలువ తవ్వకం అప్పట్లో కరువు పనిగా సాగింది. క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వే పని నేర్చినవాడు. ఆ పాత విద్య ఇక్కడ పనికొచ్చింది. మూడున్నర మైళ్ళ కాలువకు ఆయనే కాంట్రాక్టు తీసుకుని, తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి ఆకలితో వచ్చినవాళ్ళకు పనిచ్చాడు. బైబిలు పట్టిన చేతులు కొలతకర్ర పట్టాయి. అమ్మమ్మ తాత ఆ మట్టి మోసినవాళ్ళలో ఒకడట. ఆయన ముసలితనంలో కూడా చెప్పుకున్నది ఒక్కటే: కూలి డబ్బులు అరచేతిలో పెట్టారు, చెయ్యి తగిలింది. అంతకుముందు గింజలు దూరం నుంచి ఒళ్ళో పోసేవాళ్ళు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. కాలువ తవ్వే రోజుల్లో వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఆపేశాడు. కరువు తీరి, కూలి డబ్బుల పంపకం ముగిశాకే ఒప్పుకున్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చర్చి చరిత్రలో అందరూ ఆ అంకెనే చెబుతారు. నాకు ఆ అంకె కన్నా, దానికి ముందు "ఇప్పుడు కాదు" అన్న ఏడాది గొప్పగా తోస్తుంది. పని పని కోసం, కూలి కూలి కోసం. దాన్ని ఎర చెయ్యకూడదని ఆయనకు తెలుసు.

మా మేట్రన్ అమ్మగారికీ తెలుసు. కొత్తగా చేరిన నర్సులకు ఆవిడ మొదటిరోజే చెప్పేవారు: "మంచం మీద ఉన్నవాళ్ళు లేచి వెళ్ళిపోలేరు. వాళ్ళ దగ్గర నోరు జాగ్రత్త." రోగి అడిగితే ప్రార్థన చెయ్యి, అడగకపోతే ఇంజెక్షన్ నొప్పి లేకుండా చెయ్యి అని అర్థం. ఒకసారి ఆపరేషనైన ముస్లిం పెద్దాయన నమాజు చేసుకోవాలి, కూర్చోలేను, ముఖం పడమర వైపు ఉండాలి అన్నాడు. మంచం తిప్పాలంటే డ్రిప్ స్టాండు, మూత్రం సంచి, పక్క మంచం అన్నీ జరపాలి. వార్డు బాయ్ గొణుగుతూనే సాయం పట్టాడు. ఆయన నమాజు అయ్యేదాకా ఆ వైపు స్టవ్ వెలిగించవద్దని, సిరంజిల గిన్నె చప్పుడు చెయ్యవద్దని ఆయాలకు చెప్పి నేను పక్క గదిలోకి వెళ్ళాను. నా విశ్వాసం అందులో ఎక్కడైనా తగ్గిందా? నాకలా అనిపించలేదు.

పనికీ సేవకీ మధ్య గోడ కట్టడం మా చర్చితో మొదలైంది కాదు. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి తెలియనివాళ్ళుండరు. అన్నా సారా కుగ్లర్ వైద్యం చదివి 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. మిషన్ వాళ్ళు ఆమెను డాక్టరుగా పంపలేదు! బడులు చూసుకోవడానికి, ఇళ్ళలో ఉండే ఆడవాళ్ళకు బోధించడానికి పంపారు. వైద్యం మిషన్ పని అవునా కాదా అన్నది వాళ్ళకింకా తేలలేదు. జబ్బుపడ్డ ఆడవాళ్ళు మాత్రం తేలేదాకా ఆగలేదు, ఆమె వాకిట్లోకి వచ్చేశారు. వైద్య మిషనరీగా ఒప్పుకోవడానికి రెండేళ్ళు పట్టింది, ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. 1930లో గుంటూరులోనే ఆమె కన్నుమూశారు. ఆవిడతో పనిచేసిన నర్సు కేథరిన్ ఫాస్ పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఇది నర్సుగా నా చిన్న ఉక్రోషం అనుకోండి.

"సేవాభావం" అనే మాట వింటే ఇప్పుడు నాకు ఇంకో కోపం కూడా వస్తుంది. మా చెల్లెలి కూతురు బీఎస్సీ నర్సింగ్ చేసి ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో చేరింది. పన్నెండు గంటల డ్యూటీ, చేతికొచ్చేది ఇంటి అద్దెకు, బస్సు ఛార్జీలకు సరి. జీతం పెంచమంటే యజమాని, ఆయన కూడా ప్రార్థనాపరుడే, "మనది సేవ కదమ్మా, డబ్బు లెక్క చూడకూడదు" అన్నాడట. రోగి బిల్లులో మాత్రం నర్సింగ్ ఛార్జీలు లెక్కగానే ఉంటాయి. 2016లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం వేసిన నిపుణుల కమిటీ, యాభై పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. కూలి లెక్క అంతకంటే చాలా పాతది. కోత కోసినవాళ్ళకు పట్టివుంచిన కూలి మొరపెడుతుందనీ, ఆ మొర దేవుడి చెవిని పడుతుందనీ యాకోబు తన పత్రికలో భూస్వాములను హెచ్చరించాడు. సేవాభావం నాకు నేను తెచ్చుకునేది. నా జీతం కొయ్యడానికి ఇంకొకరు నాకు తొడిగేది కాదు. అమ్మాయికి నేను చెప్పింది ఇదే: రోగిని రెండు గంటలకోసారి తిప్పు, జీతం మాత్రం అడుగు. రెండూ దేవుడికి ఇష్టమైనవే. ఆమె అక్కడ మానేసి ఇప్పుడు వేరేచోట చేస్తోంది.

ఇలాంటి మనసు ఎలా అలవడుతుందని మా సంఘంలో యవ్వనస్థులు అడుగుతుంటారు. పుస్తకం పేరు చెబుతానని వాళ్ళ ఆశ. నాకు అలవాట్లే తెలుసు. వార్డులోకి వెళ్ళేముందు పంపు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కోవడానికి ఎలాగూ అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషంలో ఆ పూట నాకు అప్పజెప్పిన రోగుల పేర్లు మనసులో అనుకునేదాన్ని. ఏడో నంబరు, తొమ్మిదో నంబరు అని కాదు, పేర్లు. అదే నా డ్యూటీ ప్రార్థన. దానికి ఆమెన్ కూడా ఉండేది కాదు, పంపు కట్టెయ్యడమే. ఆ డిసెంబరు తర్వాత పని చెయ్యకముందు చార్టు నింపలేదు. నైట్ డ్యూటీ ఉన్న పగలు ఏ కూడికకు పిలిచినా వెళ్ళలేదు. తలుపు వేసుకుని పడుకున్నాను. విశ్వాసం చల్లారిందని కొందరు అన్నారు కూడా. మా అమ్మమ్మకూ ఇలాంటి అలవాటే ఉండేది: పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి పక్క కుండలో వేసేది. అది దేవుడి పిడికెడు. ఆ బియ్యం చర్చికిచ్చాక ఎవరికి వెళ్ళాయో అడగలేదు. ఇవ్వడం అనేది వంటలో భాగమైపోయింది, ఉప్పు వెయ్యడం లాగా. మనసు మారాక చేతులు మారతాయని అంటారు. నా సంగతిలో చేతులే ముందు మారాయి.

అన్ని ఉద్యోగాలకూ ఇది ఇంత తేలిగ్గా అతకదు. నర్సుకు రోగి కళ్ళెదుటే ఉంటాడు. బ్యాంకులో, రిజిస్ట్రారు ఆఫీసులో, కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకు ఆ అవతలి మనిషి కనబడడు. మా తమ్ముడు మండలాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. వాడంటాడు, "అక్కా, నీకు వీపు ఎర్రబడితే తెలుస్తుంది. నేను ఫైలు తొక్కిపెడితే ఎక్కడ ఎర్రబడిందో నాకేం తెలుసు?" దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఫైలు మీద ఉన్న పేరు ఒకసారి పైకి చదవమన్నాను. నవ్వాడు. కానీ ఆఖరి రెండేళ్ళు పింఛను కాగితాలు తన బల్ల మీద రాత్రి ఉండనివ్వలేదని వాళ్ళ ఆఫీసు అటెండరు మొన్న పెళ్ళిలో కలిసినప్పుడు చెప్పాడు.

ఇప్పుడు మా అత్తగారికి తొంభై దాటాయి. ఏడాదిగా మంచంలోనే ఉంది. ఫోనులో రెండు గంటలకోసారి అలారం పెట్టుకున్నాను. రాత్రి రెండింటికి మోగితే ఇప్పటికీ బద్ధకంగానే ఉంటుంది. మోకాళ్ళు నొప్పి. మా ఆయన ఒకవైపు పడితే నేనొకవైపు పట్టి తిప్పుతాం. ఒక్కోసారి ఆవిడ కళ్ళు తెరవకుండానే తిడుతుంది.

పోయిన ఏడాది పాస్టరు గారికి ఒక మాట చెప్పాను. సేవకుల కోసం ప్రార్థించేటప్పుడు నెలకో ఆదివారం ఒక్కో రకం పని చేసేవాళ్ళను ముందుకు పిలిచి, వాళ్ళ మీదా చేతులుంచి ప్రార్థించండి అని. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. మొదట మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికులు వచ్చారు. మా సంఘంలో ఎక్కువమంది వాళ్ళే, అయినా ముందుకు రావడానికి మొహమాటపడ్డారు. తుపాన్ల కాలంలో కరెంటు లైన్‌మన్లు, తర్వాత అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు. వచ్చే నెల ఆర్టీసీ డ్రైవర్ల వంతు. సంఘంలో ముగ్గురున్నారు. అందులో ఇద్దరికి ఆ ఆదివారం డ్యూటీ పడింది.